వాటా

వేల్స్ తీరాన మా కారవాన్ల మైదానంలో
రాత్రికి ముప్పై పౌండ్లు, కరెంటుతో కలిపి.
ఆ రేటు పెట్టిన రోజుల్లో
కరెంటంటే ఒక బల్బు, ఒక కెటిల్.

పదకొండు దాటాక టార్చి పట్టుకుని తిరుగుతున్నాను.
గెథిన్ కారవాన్ పందిరి కిందనుంచి
నారింజ రంగు వైరు
తడిగడ్డిలో పాక్కుంటూ పోయి
కారు నోట్లో పడింది.
అరగంటకి ఫ్యూజు ఠప్పుమంది.
వరుస మొత్తం చీకటి.

"డబ్బు కట్టాను కదా!" పైజమా మీద కోటుతో అతను.
"మేం కట్టలేదా?" చీకట్లోంచి ఎవరిదో గొంతు.
నా దగ్గరున్న రూల్సు కాగితం పాతది,
అందులో కార్ల ఊసే లేదు.

చూపు మసకేసి లైసెన్సు తిరిగిచ్చేసిన ఎలినెడ్ ముసలమ్మ
నెమ్మదిగా నన్నడిగింది:
"పన్నెండు రాత్రులూ కెటిల్ ఒక్కటే కాచాను.
నే వాడుకోనిదంతా ఆ కారులోకే పోయిందా?"
"పోయే ఉంటుందమ్మా."

తెల్లారి చూస్తే
గెథిన్ కారు ముందు సీట్లో ఆవిడ,
ఒళ్ళో చేతిసంచి, బెల్టు కూడా పెట్టేసుకుని.
"నా మైళ్ళు" అంది.
"హార్లెక్ దాకా చాల్లే. చేపలు కొనాలి."

అతను నావైపు చూశాడు.
నేను స్తంభం వైపు చూశాను.