మాట తెగనంత వేగం

మా ఫ్రీస్‌లాండ్‌లో కొండల్లేవు.
ఎక్కాలంటే గాలినే ఎక్కాలి.
సముద్రాన్ని ఆపిన కరకట్ట మీదికి
పడమటినుంచి అది దిగుతుంటే
సైకిల్ తొక్కే ప్రతివాడూ
దణ్ణం పెడుతున్నట్టు వంగిపోతాడు.

మా తమ్ముడు విబ్రెన్ ఇప్పుడు వంగడు.
ఆరడుగుల ఎనిమిదంగుళాల మనిషి
నిటారుగా, పెళ్ళికి వెళ్తున్నట్టు, తీరిగ్గా తొక్కుతాడు.
జున్ను బుట్టతో ముసలి ఫొక్యె కూడా
గంట మోగించి మరీ వాణ్ణి దాటిపోతుంది.
"పోనీ" అంటాడు.
ఆ రెండక్షరాలు నేర్చుకోడానికి వాడికి రెండేళ్ళు పట్టింది.

గ్రోనింగెన్ ఆసుపత్రిలో డాక్టరమ్మ
బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించమంది.
కిటికీలోంచి తొంగిచూసే పిల్లాడిలా
వేలి కొస అవతలికి వచ్చింది.
నాది రాలేదు.
ఇద్దరికీ ఒకే నాణెం ఎగరేశాడు నాన్న.
వాడికి బొమ్మ, నాకు బొరుసు.

తర్వాత చీకటి గదిలో ఛాతీకి చల్లటి జిగురు పూసి
గుండెని తెర మీద చూపించారు.
దాని గుమ్మంలోంచి బయల్దేరే పెద్ద నాళం
నలభై నాలుగు మిల్లీమీటర్లు.
"మా తోట గొట్టం కన్నా లావు" అన్నాను,
ఏదో ఒకటి అనాలని.
"నేత వదులు" అంది ఆవిడ.
"పోగు పుట్టుకతోనే పలచన.
ఉతికినకొద్దీ సాగే చొక్కా మెడ చూశారా, అలాగ."

బరువులెత్తొద్దంది. ఊపిరి బిగబట్టొద్దంది.
పడవని ఒడ్డుకి లాగొద్దు, పందెం ఊసే వద్దు.
అలాగని కుర్చీకి అతుక్కుపోనూ వద్దు,
కదలకపోతే తుప్పు పడుతుంది గుండెకైనా.
"మరెంత వేగం?" అడిగాడు
గోడనిండా స్కేటింగ్ పతకాలున్నవాడు.
"మాట తెగనంత."

మీకు మా ఇల్లు తెలియదు.
మాటల్ని ఉప్పులా వాడేవాళ్ళం.
నాన్నవి రోజుకి పది, అందులో నాలుగు ఆవులకి.
నలభై ఒకటో ఏట, కాలవ గడ్డకట్టిన ఫిబ్రవరిలో
పళ్ళు బిగించి, ఊపిరి బిగించి,
అందరికన్నా ముందు వంతెన కింద దూరాడు.
అవతలికి రాలేదు.
గుండెపోటన్నారు.
గుమ్మం దగ్గర గుడ్డ చిరిగిందని తెలియడానికి
ఇరవై ఆరేళ్ళూ, వాడి పిడికిలీ కావలసి వచ్చాయి.

అందుకే వారానికి ఐదు రోజులు, ముప్పావుగంట,
మాత్ర వేసుకుని, నన్ను పక్కన పెట్టుకుని
విబ్రెన్ మాట్లాడతాడు. తప్పదు కదా.
మొదట్లో గొర్రెల్ని పైకి లెక్కపెట్టేవాడు.
తర్వాత పాల ధర, వాన.
తర్వాత, చెప్పడానికేమీ మిగలక,
నిజాలు.
ఆ రాత్రి నాన్న స్కేట్లు తుడిచి
పరుపు కింద దాచింది ఎనిమిదేళ్ళ తనేనని.
పిల్లలు కావాలన్న తియత్‌స్కెకి
ఇంకా ఎందుకు జవాబివ్వలేదో.
పుట్టబోయే వేళ్ళ పొడుగు
తనకి కలలోకి వస్తుందని.
సగం గాలి ఎత్తుకుపోతుంది.
మిగతా సగం మోయడానికి నేనున్నాను,
నాకు బరువులెత్తొద్దని ఎవరూ చెప్పలేదు.

ఎదురుగాలి పెరిగితే వాడి వాక్యం పొట్టిదవుతుంది.
నాలుగు మాటలు. రెండు.
అప్పుడు నేను బ్రేకు వేస్తాను.
సిగ్గుపడకుండా
సైకిళ్ళు చేత్తో నడిపించుకుంటూ ఇంటికొస్తాం.

ఈ జనవరిలో కాలవ మళ్ళీ గడ్డకట్టింది.
ఊరంతా అటకలు దించింది.
వాడూ కట్టుకున్నాడు స్కేట్లు.
చేతులు వెనక్కి పెట్టి, చిన్నపిల్లల వరసలో,
బఠాణీ సూప్‌లో అమ్మ ఏం మర్చిపోతుందో
నాకు వివరంగా చెబుతూ.

ఆ వంతెన వచ్చింది.
కింద చీకటి.
మాట తెగింది.

ఒకటి. రెండు. మూడు.
గట్టి పోగుదే, నా గుండె కూడా
ఎక్కడో ఓ కుట్టు ఊడింది.
"విబ్రెన్!"

"ష్" అన్నాడు, అవతలి ఎండలోకి జారుతూ.
"మంచు ఏదో అంటోంది.
కాసేపు
దాన్ని మాట్లాడనీ."