మూడక్షరాల ఖాళీ

గంటస్తంభానికి నాలుగడుగుల దూరంలో
గోనెసంచుల కొట్టు మీద మేడగది.
అదే జిల్లా ఫుట్‌బాల్ సంఘం.
ఫ్యాను తిరిగితే కింది జనపనార వాసన పైకొస్తుంది.
విచారణ రోజున తిరగలేదు,
కరెంటు పోయింది.

నేను గుమస్తాని. మినిట్స్ రాస్తాను.
పదకొండేళ్లుగా ఈ జిల్లాలో
ఎవరు ఎవర్ని ఎన్నిసార్లు తన్నారో
నా చేతిరాతలోనే ఉంది.

బిడ్డిక ఎండయ్య, ఎనిమిదో నంబరు.
గుమ్మలక్ష్మీపురం దాటి ఇంకో తొమ్మిది మైళ్లు.
తెల్లారకట్ల బస్సెక్కి వచ్చాడు,
సంచిలో బూట్లు తెచ్చుకున్నాడు.
విచారణకి బూట్లెందుకని ఎవరో నవ్వారు.
"ఆటుంటదేమోనని" అన్నాడు.

ఎదురుగా పట్నం జట్టు కెప్టెన్,
పక్కన వాళ్ల మావయ్య, ఆయన పక్కన వకీలు.

కార్యదర్శి కర్రోతు మాస్టారు కళ్లజోడు తుడుచుకుని
"ఏటన్నాడో చెప్పు బావూ" అన్నారు.
"తమకి తెలుసు కదండి."
"నాకు తెలిస్తే సరా? నువ్వు చెప్పాల. రికార్డుకి."
కుర్రాడు కిటికీ కేసి చూశాడు.
కింద ఎవరో గోనెలు లెక్కపెడుతున్నారు,
ఇరవై మూడు, ఇరవై నాలుగు...
ముప్పై ఒకటి దాకా అందరం విన్నాం.

"ఆ మాట నా నోట పలికితే
రెండోసారి అనిపించుకున్నట్టుంటదండి."

వకీలు లేచాడు. మాటే లేనప్పుడు నేరమెక్కడన్నాడు.
అన్నాడే అనుకోండి, వాళ్లుండే కొండని చెప్పాడు,
చిరునామా చెప్తే తప్పా అన్నాడు.

రిఫరీని పిలిచారు. బంతిని చూస్తున్నానన్నాడు.
లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ చూస్తున్నానన్నాడు.
గోల్‌కీపరు, గాలి అటు వీస్తోందన్నాడు.
తోసింది మాత్రం అందరూ చూశారు:
ఎండయ్య రెండు చేతులూ, కెప్టెన్ ఛాతీ,
డెబ్బై ఒకటో నిమిషం. ఎర్రకార్డు.

మా నియమావళిలో తోపుకి ఓ పేజీ ఉంది.
మోచేతికి, ఉమ్ముకి, చొక్కా లాగడానికీ ఉంది.
నోటికి ఒకటిన్నర లైను,
అదీ పైవాళ్లు పంపిన చీటీ, చివర అంటించాం,
జిగురు వదిలి వేలాడుతోంది.

తీర్పు నేనే రాశాను.
తోసినందుకు రెండు మ్యాచ్‌ల నిషేధం.
అన్నాడంటున్న దానికి, రుజువు లేనందున,
ఇరువురికీ హితవు.
"ఇరువురికీ" అన్నది మాస్టారు చెప్పి మరీ రాయించారు.
చేతులు కలిపించారు. ఫోటో తీయించారు.
మర్నాడు జిల్లా పేజీలో, మామిడి ధరల పక్కన,
క్రీడాస్ఫూర్తి అని పడింది.

మాస్టారు చెడ్డవాడు కాదు.
కుర్రాడి బస్సు చార్జీ తన జేబులోంచే ఇచ్చారు.
ఇచ్చి, "పెద్దది చెయ్యకు, సెలెక్షన్లున్నాయి" అన్నారు.
అది ప్రేమో బెదిరింపో
ఆయనకే తెలిసుండదు.

మినిట్స్‌లో, "అని దూషించినట్లు ఆరోపణ" అన్నచోట
ముందు కాస్త జాగా వదిలాను.
మూడక్షరాలకి సరిపోయేంత.
"అదేటి, కలిపెయ్యి" అన్నారు మాస్టారు.
సిరా ఆరలేదన్నాను.

రెండు మ్యాచ్‌లూ అయ్యాక వచ్చాడు ఎండయ్య,
కార్డు తీసుకోడానికి.
రిజిస్టర్లో సంతకం పెడుతూ, తలెత్తకుండానే,
"ఆ రోజు స్కోరు బల్ల
మా గోలు పక్కనే కదండి ఉంది?" అన్నాడు.
అవునన్నాను.
"గాలెటు వీసిందండి అప్పుడు?"

జూట్ మిల్లు సైరన్ మోగితే బాగుణ్ణనుకున్నాను.
మిల్లు మూసి నాలుగేళ్లు.

కార్డు మీది తన ఫోటోని బొటనవేలితో తుడిచి
జేబులో పెట్టుకున్నాడు.
దిగుతుంటే బూట్ల సంచి గోడకి తగిలిన చప్పుడు,
మెట్టుకొకటి.
లెక్కపెట్టాను. పదహారు.

సాక్షిగా నన్నెవరూ పిలవలేదు.
పిలిస్తే చెప్పేవాణ్ణేనా అన్నది
నాకింకా తెలియదు.
మూడో పేజీ, ఆరో లైను,
సిరా ఎప్పుడో ఆరిపోయింది.