తోడు

ముప్పై ఏళ్లు పాలు తోడుపెట్టి బతికిన చేతులివి.
గోరువెచ్చన అంటే ఎంతో
నా చిటికెన వేలికే తెలుసు.
తోడేసిన కుండను కదపొద్దని
ఇంటిల్లిపాదినీ కసిరాను.
మొగుడు పోయాక "నీకు తోడెవరే" అని అడిగితే
కుండలో ఉందిగా అనేదాన్ని.

పేరుకోవడమే నా బతుకుతెరువు.
ఇప్పుడు వారానికి మూడుసార్లు
కవిటి ఆసుపత్రి నాలుగో మంచం మీద
పేరుకోకూడదని మొక్కుకుంటూ పడుకుంటాను.

నా రక్తం నన్ను వదిలి
గొట్టంలో బయల్దేరి
లాంతరు బుడ్డిలాంటి దాంట్లో
వేల దారాల గుండా వడకట్టుకుని
మళ్లీ నాలోకే వస్తుంది.
"ఒంటి బయటికొస్తే రగతానికి బెంగ, అత్తా.
గడ్డకట్టేస్తాది" అంటాడు దుర్యోధన.
కన్నవాళ్లు ఏం చూసి పెట్టారో ఆ పేరు,
ఈ గదిలో ఇంతకంటే ధర్మరాజు లేడు.

రోజూ అతనెక్కించే మందు హెపారిన్.
నేను విరుగుడంటాను.
పాలు విరిగితే మిగిలేదీ విరుగుడే,
విషానికి వేసేదీ విరుగుడే.
ఇన్నాళ్లూ ఆ మాటను
ఒక చెవితోనే విన్నాను.

ఇవాళ అదీ లేదు.
నిన్న సోంపేటలో దవడపన్ను పీకించుకున్నాను.
రాత్రంతా తలగడ మీద మరకలు.
డాక్టరమ్మ చీటీ మీద అడ్డంగా గీత కొట్టింది.
మందేస్తే నోట్లోది ఆగదు,
వెయ్యకపోతే గొట్టంలోది సాగదు.

అందుకని దుర్యోధన నా పక్కనే స్టూలు వేసుకున్నాడు.
అరగంటకోసారి సెలైను క్లిప్పు విప్పుతాడు.
ఎర్రదారాలు కడిగిన పాలకుండలా తెల్లబడి
మళ్లీ ఎర్రబడతాయి.
ఒంట్లో నీళ్లు తీయించుకోవడానికొచ్చి
నీళ్లు పోయించుకుంటున్నాను,
అవీ లెక్కకట్టి తీయాలట.
టార్చి వేసి నల్లచారలు లెక్కపెడతాడు.
"మూడు."
కాసేపటికి, "ఏడు."

పక్క మంచం బైరాగి వేటకెళ్లిన మనిషి.
పోయిన నెల అతని ఫిల్టరు మొత్తం బిగిసిపోయి
గ్లాసుడు రక్తం చెత్తడబ్బా పాలైంది.
"పెద్ద చేప తెంపుకుపోనాది" అన్నాడంతే.
ఇవాళ మెడ ఇటు తిప్పి
నా చారల వైపు చూస్తూ ఉన్నాడు.

మూడో గంట దాటాక మిషను కూత పెట్టింది.
దుర్యోధన గొట్టాన్ని వేలితో టకటక కొట్టి
"నడు, నడు" అన్నాడు,
నాతో కాదు.
దూడను దొడ్లోకి తోలే గొంతు అది.
నాలుగు గంటలు నిండకుండానే
ఉన్నదంతా నాలోకి తోలేసి, ఆపేశాడు.

ఇంటికొచ్చి, దవడన దూదితోనే పాలు కాచాను.
నాకు రాసిచ్చింది రెండు చెంచాల పెరుగు.
వేలు ముంచి చూసి, తోడేసి, మూతపెట్టాను.
కోడలి కాలు కుండకు తగలబోయింది.
కదపకు అనబోయి
ఆగాను.
అరగంటకోసారి నన్ను కదిపిన చెయ్యి గుర్తొచ్చింది.

తర్వాత కసిరాననుకోండి.
పెరుగు పెరుగే కదా.