చిప్ప పద్దు

గిరింపేట మలుపులో మాకు నలభై మూడు దీపాలు.
వాటి మింద మాట్లాడిన మాటలకి మీటరు పెడితే
కరెంటు బిల్లు కంటే ఎక్కువే తిరుగుతాది.

ముందైతే చెంగల్రాయులు వచ్చేవాడు
పొద్దుగూకే యాళకి, గొలుసు లొడలొడలాడే సైకిలెక్కి.
పెట్టె తెరిచి, హ్యాండిలు పైకి తోసి,
బీడీ ముట్టించుకునే లోపల
వీధంతా పసుపు పూసుకునేది.
అతని జీతం పద్దు నాకు తెలుసు.
ముప్పయ్యొక్క ఏండ్లు చిత్తూరు మున్సిపాలిటీలో
ఎర్ర సిరా పెన్ను పట్టినవాణ్ణి.

ఇప్పుడు పెట్టెకి కన్ను పెట్టినారు.
చీకటి పడిందని అదే కనిపెడతాదంట.
దీపాలు అదే ఏస్తాదంట.
యాడో ఆఫీసులో, గోడ మింద,
మా వీధి ఒక పచ్చ చుక్కంట.
పదకొండు లక్షల డెబ్బై వేలు.
చెంగల్రాయులు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో
గేటు కాడికి పోయినాడు.

దొరస్వామి టీ అంగడి ముందర ఆనాటి నుంచీ రచ్చే.
"చౌకది కొని ఏటా మార్చేదానికి ఇదే మేలు"
అంటాడు సెల్ రిపేరు నజీర్.
"ఆ దుడ్డుతో కాలవకి మూతలు రావా?"
అంటాది పాల బూతు కోదండమ్మ.
పాలిటెక్నిక్ చదివే హేమాద్రి
గ్లాసు తడితో బల్ల మింద సర్క్యూటే గీసినాడు.
"నాకిచ్చుంటే రెండు వేలకి చేసిచ్చుందును."
ఆరిపోయేదాకా అందరం ఆ బొమ్మనే చూసినాం.
నేనేమన్నా తక్కువ తిన్నానా?
మూడు కొటేషన్లు పిలిచినారా లేదా అని
గొంతు బొంగురుపోయేదాకా అరిచినాను.
తెల్ల దీపమా పసుపు దీపమా అనే కాడ
ఒక బావా బామ్మర్దీ మాటలు మానేసినారు.

ఇంతలో నగల అంగడోళ్లు ఎదురుగా బోర్డు ఎత్తినారు.
రాత్రంతా అది పగలే.
కన్ను దాన్ని చూసి సూర్యుడనుకునింది.
వీధి గుయ్యారం.
ఆఫీసు గోడ మింద చుక్క మాత్రం
పచ్చగానే ఉండాదంట.

చీకట్లో కూడా వాదన ఆగలే.
మొహాలు కనపడకపోతే ఇంకా బాగా తిట్టుకోవచ్చు.

నాలుగో రోజు దీపాలు వెలిగినాయి.
ఎవరి అర్జీ పని చేసిందని
ఇంకొక సాయంత్రం కొట్లాడినాం.
చూస్తే, చెంగల్రాయులు కూతురు నాగవేణి.
ట్యూషన్ నుంచి వచ్చే దోవలో దిమ్మె ఎక్కి
కన్ను మింద టెంకాయ చిప్ప బోర్లించి పోతావుంది.
జారకుండా లోపల సైకిల్ ట్యూబు ముక్క.
తెల్లారి పాలకొచ్చినప్పుడు తీసేస్తావుంది.
"మా నాయన చెప్పినాడు" అనింది. అంతే.

పదకొండు లక్షల డెబ్బై వేలూ
ఒక చిప్ప.
ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే.
ఏ పద్దు కింద రాయాల దాన్ని?
మరమ్మతులా? పరికరాలా? ఇతరములా?
వోచరు మింద ఎవరి సంతకం?

అంగట్లో మళ్లా మొదలు.
చిప్పకి నల్లరంగు కొట్టాల్నా వద్దా.
ప్లాస్టిక్ మగ్గు మేలంటాడు హేమాద్రి.

ఆ పిల్ల వచ్చి నిలబడింది.
"శనివారం నాకు పలమనేరులో పరీక్ష.
సాయంత్రం ఎవరేస్తారు?"

నజీర్‌కి గిరాకీ వచ్చింది.
కోదండమ్మకి క్యాన్లు కడిగే పని గుర్తుకొచ్చింది.
హేమాద్రి సెల్లు చూసుకుంటా ఉండిపోయినాడు.

శనివారం ఆరుంబావుకి
స్టూలు మోసుకోని నేనే పోయినాను.
అరవై నాలుగేండ్ల మోకాళ్లు.
చిప్ప చేయి జారి, దొర్లి,
మూతల్లేని కాలవలో పడింది.
అరచేత్తో మూసినాను కన్నుని.
ఒకటి, రెండు, మూడు...
ఎనిమిదో అంకెకి వీధి వెలిగింది.

చెయ్యి తీస్తే ఆరిపోతాది.
అట్లే నిలబడినాను.
కింద, నా వెలుగులో, ఎవడో అంటావుండాడు:
"ఎన్నైనా చెప్పండబ్బా, పసుపు దీపమే దీపం."

ఎవరన్నా ఇంకో చిప్ప తేండిరా అని అరిస్తే
"ఏ సైజుది?" అనినారు.