ఏడో నెంబరు దించేశాక

సన్నిబాబు గారూ,
మీ ఊపిరితిత్తి ముక్క నా కళ్ల కింద ఉంది.
మినప్పొట్టంత.
మైనంలో ముంచి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి
గాజు మీద పరిచాను.
కేజీహెచ్ ఎత్తు మీద కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది.
కిటికీలోంచి పోర్టు బొగ్గు వాసన.
అన్నం డబ్బా ఇంకా విప్పలేదు.

పొద్దున డాక్టరుగారొచ్చి రాసేది మూడు లైన్లు.
ఏ రకం, ఎంత శాతం, సంతకం.
వాటిలో పట్టనిది ఇక్కడ రాసుకుంటున్నాను.

అందరూ యుద్ధం అంటారు.
నాకు యుద్ధం కనబడలేదు.
నీలం చుక్కలు, మీ తెల్ల కణాలు,
గడ్డ అంచు దాకా వచ్చాయి, వందలు,
వచ్చి నిలబడిపోయాయి,
వేట నిషేధం రోజుల్లో ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీద
చేతులు కట్టుకుని నీళ్లకేసి చూసే మనుషుల్లా.
ఒక్కటీ లోపలికి దిగలేదు.

కాయితం తెచ్చిన రోజు బెంచీ మీద కూర్చుని చెప్పారు,
ముప్పైయొక్క ఏళ్లు పోర్టులో
తుఫాను గుర్తులు ఎగరేసే పని మీదని.
పగలు నల్ల డబ్బాలు, రాత్రి ఎర్ర లాంతర్లు, తెల్ల లాంతర్లు.
"ఒకటో నెంబరంటే ఎవులూ కన్నెత్తి సూడరమ్మా.
ఏడు ఎగరేసినామంటే, తాళ్లోలు
తింటన్న కూడు ఒగ్గీసి పరిగెట్టుకొచ్చీవోరు."

ఒకసారి ఫోనొచ్చిందట.
దించేయ్, దాటిపోయింది.
దించేశారు.
తాళ్లవాళ్లు తాళ్లు చుట్టేసి టీకొట్టు కాడ కూర్చున్నారు.
అర్ధరాత్రి గాలి తిరగబడింది.
తెల్లారేసరికి బార్జి రాళ్ల మీద ఉంది.
దాని మీద పడుకున్న కుర్రాడివి
చెప్పులు మాత్రం దొరికాయి.
ఆ ఫోను ఎవరు చేశారో ఇప్పటికీ తెలీదన్నారు.
"గొంతు మాత్రం ఆఫీసరుగారిదేనమ్మా."

ఇవాళ గోధుమ రంగు వేశాను.
గడ్డ కణాల చుట్టూ సన్నటి ఉంగరాలు తేలాయి.
ఆ ఉంగరమే ఆ ఫోను.
దించేయండి, దాటిపోయింది, ఇళ్లకెళ్లండి.

ఆ మాట గడ్డ పుట్టించింది కాదు, మీ ఒంటిదే.
చిన్నప్పుడు మోకాలు చీరుకుని, చీము పట్టి,
జ్వరం కాసి తగ్గినప్పుడు
కాపలా కణాలతో మీ మాంసం చెప్పుకున్న మాట:
ఇక చాలు నాయనా, ఇది మనిల్లే, తగలబెట్టకండి.
అది లేకపోతే
మనల్ని మనమే కాల్చుకుని చచ్చేవాళ్లం.
గడ్డ ఆ గొంతు పట్టేసింది.

ఇంకా ఉంది.
చక్కెరంతా తనే తినేస్తుంది.
చుట్టూ నీరు పులిసిపోతుంది, అంబలి కుండ అడుగులా.
ఆ పులుపులో నిలబడి నిలబడి
వచ్చినవాళ్ల కాళ్లు లాగేస్తాయి.
చెత్త ఎత్తడానికొచ్చిన పెద్ద కణాలు
దానికి కొత్త నెత్తురు కాలవలు తవ్విపెడుతున్నాయి,
ఇదీ ఒక కూలిపనే అనుకుని.
ద్రోహి ఎవరని వెతికాను.
అందరూ చెప్పిన పనే చేస్తున్నారు.

ఒక మందుంది.
గడ్డ మీద చెయ్యి వెయ్యదు.
ఫోను తీగ కోస్తుంది, అంతే.
గొంతు ఆగిపోతే కొందరిలో
తాళ్లవాళ్లు తలెత్తి ఆకాశం చూస్తారు.
కొందరిలో చూడరు.
కొందరిలో మరీ లేచిపోయి
పేగునీ చర్మాన్నీ కూడా తుఫానే అనుకుంటారు.
మీలో ఏమవుతుందో ఈ గాజుకి తెలీదు.
ఒక్క సీసా మీ పింఛను ఎన్ని నెలలో
స్లైడు కవరు వెనక లెక్క వేశాను.
కొట్టేశాను.

అరవై శాతం ఉండొచ్చని పెన్సిలుతో రాశాను.
డాక్టరుగారు చూసుకుంటారు.

మొన్న మెట్లు దిగుతూ, మధ్యలో ఆగి అడిగారు:
"లోపల నాకేటీ నొప్పి నేదు కదమ్మా,
అంతా నెమ్మదిగానే ఉంది,
మరెందుకీ పరీచ్చలు?"

అప్పుడు జవాబు తట్టలేదు.
దించేశారండీ.
గుర్తు దించేశారు.