కిర్రుమనగూడదు

సుంకులమ్మ టీచరు కాగితం మింద బొమ్మ గీసుకోని వచ్చె.
ఆరు పెట్టెలు. మూడేమో అడుగున్నర ఎత్తు,
రెండు రెండున్నర, ఒగటి మూడున్నర.
"లోపలేం పెడతారమ్మా?" అంటి.
"లోపలేం పెట్టం. పైన పిల్లోల్లు నిలబడతారు,
ఎగురుతారు, అరుస్తారు."
"యాలకి?"
"మనోళ్లు ఆడతాంటే."

గుంతకల్లులో నలభై ఏండ్లు ఉలి పట్టినోన్ని.
వాకిండ్లు చేసినా, తొట్టిళ్లు చేసినా,
పీర్ల సావిడికి తలుపులు చేసినా,
లోకో షెడ్డోళ్లకు మంచాలు చేసినా.
పండుకోను, కూకోను, మూసుకోను,
మనిషి చెక్కనడిగేది అంతే అనుకుంటి.
ఎగరను అని అడిగినోళ్లు ల్యారు.

పోతా పోతా ఒగటే మాట చెప్పె:
"దస్తగిరన్నా, కిర్రుమనగూడదు.
కిర్రుమంటే పైనున్న పిల్ల కిందికి చూస్తాది.
కిందికి చూస్తే పడతాది."

టేకు కొనే దుడ్లు బడికి ల్యాకపాయ.
ఎప్పుడో యాలంలో పాడుకున్న రైలు స్లీపర్లు
కొట్టం ఎనకాల పడుండాయి.
ఎన్ని బండ్లను మోసిన చెక్కో అది,
బళ్లారి పోయేటివి, హుబ్లీ పోయేటివి,
బొగ్గుయి, గోధుమలయి, పెండ్లోళ్లయి.
రంపం పెడితే రెండుసార్లు పండ్లు ఇరిగె.
పైనంతా తారు వాసన,
లోపల మాత్రం ఎర్రగ, ఇంగా బతికున్నట్ల.
"ఏమే ముసల్దానా, రైళ్లు మోసింది సాలు,
ఇంగ ఆడపిల్లోల్లని మొయ్యి" అంటి.

మేకుని నేను నమ్మను. ఎండకి వదులైతాది.
కుసి కోసి, బెజ్జంలో దిగ్గొట్టి, తుమ్మ చీల ఏసినా.
నాలుగు పక్కలా ఏటవాలు పట్టెలు బిగిచ్చినా.
మోకాలు తగిలినా తోలు లేయకుండ
అంచులు గుండ్రంగ చిత్రిక పట్టినా.

ఎగరాలంట గదా, నేనే ఎక్కి ఎగిరినా.
అరవై రెండేండ్లోన్ని, లుంగీ ఎగ్గట్టి.
"పిచ్చి లేసెనేమప్పా దస్తగిరికి!" అనె ఈదిలో పోయే కుళ్లాయప్ప.
వాన్నీ ఎక్కిచ్చినా. వాని తమ్మున్నీ ఎక్కిచ్చినా.
చికెను అంగడి ఖాజాని గూడా, తొంభై కేజీలు.
నలుగురు మొగోళ్లం, నడి ఈదిలో,
దేనికో తెలీకుండానే ఎగురుతాంటిమి.
కిర్రుమనల్యా.

అయినా రాత్రి నిద్ర పట్టల్యా.
మూడున్నర అడుగుల దాని పై పలకలో
రూపాయి బిళ్లంత ముడి ఒగటి ఉండాది.
నీలం రంగు పూసి కప్పేసినా గదా.
ఎవురికీ తెల్దు.
రెండు గంటలప్పుడు లేసి, లైటేసుకోని,
పలక ఊడబెరికి సుత్తితో మెల్లగ తడితే
బిరడా మాదిరి వచ్చి చేతిలో పడె.
జేబులో ఏసుకున్నా.
తెల్లారేతలికి కొత్త పలక, తడి రంగు.

రైల్వే గ్రౌండులో ఖోఖో ఫైనలు, ఆదోనోళ్లతో.
పిల్లోల్లు ఎక్కినారు. అందరికన్నా పైన
గ్యాంగుమన్ తిక్కయ్య బిడ్డ ఈరలక్ష్మి,
నోట్లో పిప్పరమెంటు ఇంగా కరగనేల్యా.
ఊరంతా వాళ్లనే చూస్తాండాది.
నేను గొంతుకు కూకోని పెట్టె కాళ్లు చూస్తాండా.
పైన డబడబమని అడుగులు,
"గుంతకల్లూ! గుంతకల్లూ!" అని గొంతులు.
అప్పుడే పక్కన గూడ్సు బండి పోతాంటే నేలంతా అదిరె.
ఆ అదురు ఆ చెక్కకి పాత సుట్టం.
కదల్యా.

ఆట నేను చూడనేల్యా.
మరుసటి దినం టీ అంగట్లో తెలిసె,
మనోళ్లు ఓడిపోయినారని.
అయినా పిల్లోల్లు ఆఖరుదాంక అరిసినారంట.
ఆదోనోళ్లు కప్పు ఎత్తితే
వాళ్లకీ ఒగసారి అరిసినారంట.
"ఈరలక్ష్మి కిందికి చూసెనా?" అంటి.
"యాడిది!" అనె ఖాజా.

ఇంగా ఆర్నూర్లు రావల్ల నాకు.
వచ్చే నెల అంటాది టీచరు.
ఏడో పెట్టె గూడా కావల్లంట, నాలుగున్నర అడుగులు.
పెన్సిలు కోసం జేబులో చెయ్యి పెడితే
ముడి తగులుతాది.
స్లీపరు ఇంగొకటి ఉండాదిలే.