అర చుట్టు

గోధుమరంగు సీసానే కావాల,
తెల్ల సీసా వద్దంటాడు మా ఆయన.
వెలుతురు తగిలితే తైలం ముసలిదైపోతాదంట.
తిరపతి ఎండలో ముసలిగాకుండా మిగిలేదెవురు?

కొర్లగుంటలో రెండు గదుల రేకులిల్లు మాది.
మే నెల మధ్యాన్నం రేకు మీద పిట్ట వాలితే
కాళ్ళు మార్చుకుంటా నిలబడతాది.
అందుకే కొళాయి నీళ్ళకన్నా ముందే లేచి
పొయ్యి ముట్టించకముందే,
దేవుడికి దీపమైనా పెట్టకముందే
నీలగిరి తైలం చిన్న సీసాల్లోకి వంపుతా.
ముందు తైలం, తర్వాతే సామి.
ఆవిరికి నిప్పంటే ఎంతిష్టమో
ఆయనకి తెలీదా.

మెట్లెక్కి దిగినోళ్ళ మోకాళ్ళకి
మా చెంగల్రాయులు అమ్ముతాడు.
"ఉత్తదే పూసుకోవద్దు సామీ,
చెంచా కొబ్బరినూనెలో రెండు చుక్కలు, అంతే.
పసిబిడ్డల ముక్కుకాడికి పోనీవద్దు."
కొన్నోళ్ళు తలాడిస్తారు,
గుండు మీద గంధం ఇంకా ఆరనోళ్ళు.

నిమ్మగడ్డి నూనె ఒక్క చుక్క జారి
టీవీ స్టాండు వార్నిషు తినేసింది,
రూపాయి బిళ్ళంత మేర.
ఆ మచ్చ మీద నేను గుడ్డ కప్పలేదు.
కనపడనీ.

నా తప్పు కూడా చెప్పాల.
ఆ వారం సీసాలు చాలక
దగ్గుమందు సీసా కడిగి, ఎండబెట్టి,
దాంట్లో పోసినా.
చీటీ అంటించలేదు.
నాకు తెలుసు గదా, అనుకున్నా.

పక్కింటి గుణశేఖరుకి అప్పుడు నాలుగేండ్లు.
వాడికి తెలిసింది సీసా ఆకారమొకటే.
మూతతో కొలుచుకోని తాగినాడు,
వాళ్ళమ్మ తాపినట్టే,
బుద్ధిగా.

గొంతు మండి వాడు కేకేస్తే వీధంతా వచ్చింది.
ఉప్పునీళ్ళు తాపమని ఒకరు, పాలని ఒకరు.
వాడి నోట్లో వేలు పెట్టబోతే
నా చెయ్యి గట్టిగా పట్టుకునింది
ఆశా కార్యకర్త లోకమ్మ.
"కక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాది మే!
సీసా చేతబట్టు, ఆటో ఎక్కు."

పెద్దాసుపత్రిలో నర్సు
ఏం తాగినాడని అడగలేదు,
వాడి ఊపిరే చెప్పింది.
ఎంత తాగినాడని అడిగింది.
నేను మూత చూపించినా.
ఇంతే.
ఇంత చిన్నదే.

రాత్రంతా వాడు మత్తుగా పండుకోనుంటే
ముక్కుకాడ చెవి పెట్టుకోని కూర్చుంటిమి,
ఈ పక్క నేను, ఆ పక్క వాళ్ళమ్మ సుకన్య.
కొండల్లో తోపుకి గాలి తగిలినట్టు
తెల్లారేదాకా అదే వాసన.
సుకన్య నన్ను ఒక్క మాటా అనలేదు.
అనుంటే బాగుండు.

ఇప్పుడు బీరువా ఉండాది,
ఎండ పడని గోడకి.
సీసాలన్నీ పై అరలో, నిలబెట్టి, మూతలు బిగించి.
తుడిచిన గుడ్డని ఉండచుట్టి మూల పడెయ్యను,
వాకిట్లో పరిచి ఆరేస్తా.
తాళంచెవి పిన్నీసుకి,
పిన్నీసు నా తాళికి.

గుణకి పదకొండేండ్లొచ్చినాయి.
చీటీలు రాసేది వాడే:
నూనె పేరు, మూత తెరిచిన తేదీ,
కింద ఎర్ర స్కెచ్చుతో 'తాగరాదు'.
ఆ మాట రాయమని నేను చెప్పలేదు.

నిన్న బడినించి వచ్చి
సంచైనా దించకుండా
బీరువా ముందర నిలబడి గాలి పీల్చినాడు.
"పెద్దమ్మా, ఏదో మూత వదులుగా ఉండాది."

తీసి చూస్తిమి.
ఎడమపక్క మూడోది.
అర చుట్టు.